తోక వాయించని ఆదివారం

మొన్న మంగళవారం పొద్దున్న కొట్లో జాకెట్టు గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు గీస్తుంటే, ఎస్. రాయవరం నుంచి వచ్చిన మొదటి బస్సులో ఒకాయన దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. మా హార్మణీ బాబాయికి మేనల్లుడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "మావయ్య తెల్లారగట్ట ఎల్లిపోనాడప్పా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయేవాడు చెప్పి పోవద్దూ? ముందు వారమే కదా వెళ్ళి చూసొచ్చాను! "మళ్ళీ బేగి వొస్తాను బాబాయి" అంటే, "రా, తొందరేటి నేదు" అన్నాడు. ఆ కోపంతోనే కొట్టు మూసి బస్సెక్కాను. సగం దారిలో ఏడుపొచ్చింది.

బాబాయి అంటే రక్తసంబంధం కాదు. నర్సీపట్నంలో మాది పక్కపక్క ఇళ్ళు. మా నాన్నని అన్నయ్యా అనేవాడు గనక నాకు బాబాయి, ఆయన భార్య పిన్ని. వాళ్ళకి పిల్లల్లేరు. మెయిన్ రోడ్డు మీద సైకిలు షాపు ఉండేది. ఆదివారాలు మా మిషను గుడిలో హార్మణీ వాయించేవాడు. ఆయన వాయించే తోక సంగతి మా వాళ్ళందరికీ తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను.

ఆరాధన అయిపోయి, పాస్టరు అయ్యగారు ఆశీర్వాదం పలికి, జనం లేచి చెప్పులు వెతుక్కునే వేళ బాబాయి ఆఖరి కీర్తన వరసనే మళ్ళీ ఎత్తుకునేవాడు. మొదట బుద్ధిగానే సాగేది. కాసేపటికి ఆ వరస తిన్నగా నడవడం మానేసేది. లావుపాటి కాంట్రాక్టరు గారు గుమ్మం వైపు కదిలితే హార్మణీ కింది మెట్ల మీద బరువుగా నాలుగు అడుగులు పడేవి. ప్రసంగంలో అయ్యగారు దగ్గిన దగ్గు శ్రుతిలో వినిపించేది. రోడ్డు మీద అనకాపల్లి బస్సు హారను కొడితే, అదే హారను కీర్తనలో దూరి, కీర్తనే బస్సెక్కి వెళ్ళిపోయినట్టుండేది. ప్రసంగం మరీ సాగిన రోజున మెట్లేవీ నొక్కకుండా తిత్తి ఒక్కటీ నొక్కేవాడు. ఉస్సూరని గాలి మాత్రం వచ్చేది. గుడంతా నవ్వుకుంటూ ఇళ్ళకి వెళ్ళేది. దానికి తోక అని పేరు ఎవరు పెట్టారో నాకు తెలియదు.

కొత్తగా వచ్చిన అయ్యగారికి ఇది నచ్చలేదు. "ఇది దేవుని మందిరమండీ, ఇక్కడ వేళాకోళాలేమిటి?" అన్నారు. బాబాయి చేతులు కట్టుకుని, "నిజమేనండయ్యగారూ. వారమంతా ఆయనకి మన ఏడుపులే గదండి. ఎల్లీముందు ఓ సిన్న నవ్వు ఇనిపిస్తే ఏటి పోద్దండి?" అన్నాడు. అయ్యగారు బైబిలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. పాడేవాళ్ళం మాతో బాబాయి అనేవాడు: "ఏడుపు ఎవుడైనా వాయిస్తాడమ్మా. నవ్వు వాయించాలంటే తాళం తెలిసి తప్పాల. తెలీక తప్పితే అది మళ్ళీ ఏడుపే."

ఊరంతటి కోసం వాయించినట్టే ఉండేది గానీ, ఆయనకి కావలసింది ఒక్కరి నవ్వు. ఆడవాళ్ళ వైపు జంపఖానా మీద పిన్ని నా పక్కన కూర్చునేది. పైకి గంభీరం. ఎప్పుడో గానీ నవ్వేది కాదు, నవ్విందంటే మాత్రం భుజాలు ఊగిపోయేవి. తోక వాయిస్తూ బాబాయి ఓరగా ఇటే చూసేవాడు. ఆ భుజాలు కదిలితే ఆ రోజంతా ఆయనకి పండగే. కదలకపోతే సాయంత్రం దాకా ఆవిడ వెనకాలే తిరిగి, "ఏటే, బాగానేదా? ఎక్కడ బాగానేదో సెప్పవే" అని ప్రాణం తీసేవాడు.

డెబ్బైల్లో ఒక ఏడాది, షాపులో సైకిలు చైనులో వేలు పడి నలిగింది. ఆ ఆదివారం కీర్తనలు ఎలాగో వాయించాడు గానీ తోక వాయించలేకపోయాడు. ఆ వారంలోనే మా గుడి గంట కొట్టే ముసలాయన నూతి గట్టు మీద జారి పడి పోయాడు. పాపం అనుకున్నాం. ఆ తరవాత వానాకాలంలో ఎలుకలు హార్మణీ తిత్తి కొరికేశాయి. బాగు చేయించేలోపు ఒక ఆదివారం గడిచిపోయింది. ఆ గురువారం పేటలో తాటాకిళ్ళ వరస అంటుకుంది. మంచంలో ఉన్న ఒక ముసలమ్మని బయటికి తేలేకపోయారు. బూడిద ఇంకా పొగలు కక్కుతుండగా అందరం అక్కడే నిలబడి ఉన్నాం. సంఘపెద్ద గారి భార్య నెమ్మదిగా అంది: "గంట తాత పోనప్పుడూ తోక నేదు. ఈ ఆదివారమూ నేదు." అక్కడున్న వాళ్ళందరూ ఒక్కసారి తిరిగి బాబాయి చేతుల వైపు చూశారు. ఆ చూపులు నేను చూశాను.

ఆ తరవాతి ఆదివారం ఆశీర్వాదం అయింది, ఎవరూ లేవలేదు. చెప్పుల చప్పుడు లేదు, పిల్లల గోల లేదు. తిత్తి గాలి పీల్చుకోవడం గోడ దాకా వినిపించింది. బాబాయి వాయించాడు, కాంట్రాక్టరు గారి నడక, బస్సు హారను, అన్నీ. ఒక్కరూ నవ్వలేదు. అయిపోగానే "హమ్మయ్య" అని అందరూ ఊపిరి వదిలి లేచి వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి అదే వరస. శనివారమైతే షాపుకి జనం. "రేపు వాయిస్తారు గదండీ?" అని అడగడం, చేతులకేసి చూడడం. ఒకావిడ కోడిపెట్టని తెచ్చి కాళ్ళకి తాడు కట్టి షాపులో వదిలిపోయింది, తోక తప్పకుండా వాయించాలని. గుడి ముఖం చూడనివాళ్ళు కూడా వచ్చేవారు. రావికమతం వైపు నుంచి ఒక చెరుకు రైతు ప్రహరీ బయట నిలబడి, "ఇయ్యాల అయిందాండి?" అని అడిగి, అయిందంటేనే వెళ్ళి గానుగ ఆడించేవాడు. ఇలాంటి నమ్మకాలు పాపమని అయ్యగారు గట్టిగా ప్రసంగం చేశారు. చేసి, ఆశీర్వాదం పలికి, తోక అయ్యేదాకా గుమ్మం దగ్గర కదలకుండా నిలబడ్డారు.

బాబాయి చిక్కిపోయాడు. వేలికి ఏమవుతుందోనని శనివారాలు సైకిలు ముట్టడం మానేశాడు. "నాను నవ్వించడానికి వాయించినానే. దీన్ని తాయెత్తు సేసీసినారు" అనేవాడు పిన్నితో. పిన్నికీ నవ్వు రావడం లేదు. గుడంతా బిగుసుకుని కూర్చుంటే ఎవరికి మాత్రం వస్తుంది?

ఒక ఆదివారం బాబాయికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. అయినా జనం వదల్లేదు. రిక్షాలో వేసి తెచ్చారు. ఇద్దరు భుజాలు పట్టుకుంటే, ఒకడు తిత్తి నొక్కితే, ఆయన వణికే వేళ్ళతో ఏదో వాయించాడు. పిన్ని అక్కడే లేచి నిలబడి, "మడుసులేనేటర్రా మీరు?" అంది. ఆవిడ గొంతు గుడిలో అంత పెద్దగా వినడం నాకదే మొదలు.

జ్వరం తగ్గాక బాబాయి గుడిలో అందరి ముందూ చెప్పేశాడు. "వొచ్చే ఆదివారం తోక వాయించను. కావాలనే వాయించను. ఆ వారం ఏటీ అవ్వకపోతే ఈ పిచ్చి వొదిలీయండి." ఎవరో అడిగారు, అయితేనో? "అయితే ఈ హార్మణీ మరి ముట్టను" అన్నాడు. ఆయనకి హార్మణీ లేకపోతే ఏమవుతుందో పక్కింటి దాన్ని, నాకు తెలుసు.

అన్నట్టే వాయించలేదు. ఆ వారం మా పేట ఎలా గడిపిందో చెప్పలేను. పిల్లల్ని చెట్లెక్కనివ్వలేదు. నూతుల మీద తడికలు కప్పారు. పొయ్యి ఆర్పి, నీళ్ళు చల్లి, మళ్ళీ వచ్చి చూసుకునేవారు. నక్కపల్లి వెళ్ళాల్సిన పెళ్ళివారు ప్రయాణం మానుకున్నారు. కుక్క అరిస్తే ఇళ్ళలోంచి తలలు బయటికి వచ్చేవి. దేనికోసమో అందరూ ఎదురు చూస్తున్నట్టే ఉండేది. రానందుకు మరీ భయపడుతున్నారని నాకనిపించేది.

గురువారం మధ్యాహ్నం కుట్టిన జాకెట్టు ఇద్దామని పెరటి దారిన పిన్ని దగ్గరికి వెళ్ళాను. బట్టలుతికే బండ దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి చేతిలో గుడ్డ వెనక్కి దాచింది. బండ మీద నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. దగ్గొచ్చి ఆవిడ ఒళ్ళంతా ముడుచుకుపోయింది. దగ్గు తగ్గాక చేత్తో మూతి తుడుచుకుంది.

"ఎప్పట్నుంచి పిన్నీ?"

"దగ్గు పాతదే. ఈ ఎరుపే, సోమారం నుంచి."

"బాబాయికి చెబుతాను, పద డాక్టరు దగ్గరికి."

నా చెయ్యి పట్టుకుంది. నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. "ఆదివారం దాకా నోరిప్పకు. ఇప్పుడు తెలిస్తే ఊరేటంటాది? ఆయన వాయించక నాకొచ్చిందంటారు. ఆళ్ళన్నది ఈయనా నమ్మీస్తాడు. ఇది నా రోగమే, ఆయన సేతులకి అంటుకోకూడదు. సోమారం నువ్వే తీసుకెల్దువు గాని." చెయ్యి వదలకుండానే, "ఇదెప్పుడూ ఆయనకి సెప్పకు. ఒట్టెయ్యి" అంది. వేశాను. ఆ మూడు రోజులు గోడ అవతల దగ్గు వినిపించినప్పుడల్లా కుట్టుమిషను గట్టిగా తొక్కేదాన్ని.

శనివారం గడిచింది. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు.

ఆదివారం గుడి కిటకిటలాడింది. ఆశీర్వాదం అయింది. బాబాయి హార్మణీ ముందుకు జరుపుకున్నాడు. ఈసారి కీర్తన ఎత్తుకోలేదు. కింది మెట్ల మీద మెల్లగా అడుగులు. ఏదో వస్తోంది. ఆగింది. మళ్ళీ అడుగులు, ఇంకా దగ్గరగా. తలుపు కిర్రుమంది. ఆ వారమంతా మేం పడ్డ భయాన్నే ఆయన వాయిస్తున్నాడు. తలుపు తెరుచుకుంది. ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు హార్మణీ పై మెట్ల మీద, కాళ్ళకి తాడు కట్టిన కోడిపెట్ట కొక్కొక్కొమంటూ గెంతుకుంటూ లోపలికి వచ్చింది.

ముందు ఎవరో పసిపిల్ల పకపకమంది. ఆ తరవాత గుడి గుడంతా విరగబడి నవ్వింది. కోడినిచ్చినావిడ పొట్ట పట్టుకుని జంపఖానా మీద దొర్లింది. అయ్యగారు జేబురుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఎన్ని నెలల భయమో, అదంతా నవ్వయి బయటికి పోయింది. బాబాయి మా వైపు చూశాడు. పిన్ని ఒక్కర్తే నవ్వలేదు. పళ్ళు బిగించి, రాయిలా కూర్చుంది. ఆయన చేతులు మెట్ల మీద అలాగే ఆగిపోయాయి.

మర్నాడు ఏదో సాకు చెప్పి పిన్నిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కణ్ణించి విశాఖపట్నం పంపారు. ఊపిరితిత్తుల్లో గడ్డ, నెల ముందొచ్చినా చేసేదేమీ లేదన్నారు. క్రిస్మస్ రాకముందే పోయింది. అప్పటికి ఆ వారం సంగతి అందరూ మర్చిపోయారు. ఎవరూ ఆమె చావుని ఆయన చేతులకి ముడిపెట్టలేదు. ఆవిడ అనుకున్నది సాధించింది. బాబాయి ముసలితనం వచ్చి మేనల్లుడింటికి వెళ్ళేదాకా ప్రతి ఆదివారం తోక వాయించాడు, జనం నవ్వారు. ఆడవాళ్ళ వైపు మాత్రం మళ్ళీ చూడలేదు.

ఆయన పోయే ముందు వారం నేను వెళ్ళినప్పుడు మంచంలో ఉన్నాడు. మాట సన్నబడింది. ఉన్నట్టుండి అన్నాడు: "ఆ వారం మీ పిన్ని రగతం కక్కుకుంది. నాకు బుధారమే తెల్సు. గుడ్డలు ఆరేసుంటే సూసినాను."

"మరి ఎందుకడగలేదు బాబాయి?"

"అంత కష్టపడి దాస్తంది గదే. నాను అడిగితే దాని కష్టమంతా పోద్ది గదా." గోడ వైపు తిరిగాడు. "ఆ ఆదివారం అదొక్కర్తే నవ్వనేదు. తాను సస్తంటే నాను కోడిని కూయించినానని మనసు ఇరిగిపోనాదేమో. ఇన్నేళ్ళూ అదే. నువ్వు పక్కనే కూకున్నావు. నిజం సెప్పు."

ఇన్నేళ్ళూ ఆయనకేమీ తెలియదనుకున్నాను. ఒట్టు ఇక దేనికి? చెప్పేశాను. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే అందరి ముందూ బయటపడుతుంది, అందుకే పిన్ని పళ్ళు బిగించింది. గుడి ఖాళీ అవుతుండగానే నన్ను లాక్కుని వెనక గోడ చాటుకి పరిగెత్తింది. అక్కడ నవ్వింది. నవ్వితే దగ్గు, దగ్గులోంచి మళ్ళీ నవ్వు, గుడ్డ ఎర్రబడుతున్నా నవ్వే. ఎవరూ రాకుండా నేను కాపలా ఉన్నాను. "నీ సేతులు పడిపోనూ, ఏటి వాయించినావురా అయ్యా" అని లేని మనిషిని తిడుతూ నవ్వింది.

బాబాయి గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. తరవాత, "ఇంటికెల్లినప్పుడు మామూలుగానే ఉందే" అన్నాడు. దారిలో కూడా నవ్వుతూనే ఉంది బాబాయి, నీకే కనబడలేదు అన్నాను.

నిజంగా అంతే. గోడ సున్నం అంటిన చీర దులిపి, గుడ్డ బొడ్లో దోపుకుని, ముఖం మామూలుగా పెట్టుకుని ముందుకు వచ్చింది. ఆయన సైకిలు పట్టుకుని తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ వెనక కేరియరు మీద కూర్చుంది. నేను గుడి మెట్ల మీంచి చూస్తున్నాను. ఆయన ముందుకే చూస్తూ తొక్కుకుంటూ పోతున్నాడు. ఆయన వీపు వెనకాల, పమిటకొంగు నోట్లో కుక్కుకుని, ఆవిడ భుజాలు మలుపు తిరిగేదాకా ఊగుతూనే ఉన్నాయి.