చదును గిట్టని మావయ్య

మా మావయ్యకి చదునుగా ఉన్న వస్తువంటే నమ్మకం లేదు. బల్లయినా, మంచమైనా, చివరికి టీ కప్పు కింద సాసరైనా సరే, కాస్త వాలుగా ఉంటేనే ఆయనకి మనశ్శాంతి. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకి పెంకుల కప్పులు వేసిన వడ్రంగి. ఎక్కడైనా నీళ్ళు నిలిచాయంటే, దొంగ కనబడ్డట్టు చూసేవాడు.

మా ఇంటికి వచ్చీరాగానే భోజనాల బల్ల రెండు కాళ్ళ కింద చెక్కముక్కలు దోపేవాడు.

“అన్నయ్యా, టీ అంతా ఒలికిపోతోంది!” అని అమ్మ గగ్గోలు పెట్టేది.

“ఒలకనీవే. ఎటు పోవాలో తెలిసే ఒలుకుతోందిగా!”

అది ఎప్పుడూ నాన్న ఒళ్ళోకే పోయేది.

ఒకసారి పోస్ట్‌మాన్ మా గుమ్మంలో టోపీ తీసి చెమట తుడుచుకుంటుంటే, మావయ్య ఆయన బట్టతలని నాలుగు పక్కల నుంచీ చూసి, “ఆహా! చుక్క నిలవదు. ఎవరండీ మేస్త్రీ?” అన్నాడు. పాపం, ఆ పెద్దమనిషి మా వీధిలో మళ్ళీ టోపీ తీయలేదు.

అలాంటి మనిషి చేతికి మా ఇంటి కప్పు దొరికింది. పాతది పుచ్చిపోయింది. అప్పటికి మేం రెండు గదుల్లో ఆరుగురం. ఆరో మనిషి మా అత్త, నాన్న చెల్లెలు. అద్దెగది ఖాళీ చెయ్యమంటే మా ఇంటికి వచ్చింది. “కప్పు పని అవ్వగానే హాస్టల్లో చేరిపోతాను,” అని తనే అంది. పొమ్మని ఎవరూ అనలేదు గానీ, ఉండమనడానికి చోటేదీ? నాకు లెక్కలూ, ఈల వెయ్యడమూ రెండూ నేర్పింది అత్తే. తను వెళ్ళిపోతుందంటే నాకు అన్నం సయించేది కాదు.

నాన్న మాత్రం పని సంగతే చూశాడు. “బావా, తక్కువ వాలు చాలు. కర్రా పెంకులూ కలిసొస్తాయి, వారంలో తెములుతుంది.”

“ఆ మాట నాకు కాదు, వానకి చెప్పు,” అన్నాడు మావయ్య.

పెరట్లో ఓ పొడుగాటి చెక్క మీద పెంకులు పరిచి, ఒక చివర కింద ఇటుకలు పెట్టి ఎత్తి, చెంబుతో నీళ్ళు పోశాడు. నీళ్ళు హాయిగా జారిపోయాయి.

“చూశావా, సరిపోయింది!” అన్నాడు నాన్న.

“ఇది చినుకు. గాలివాన మాటేమిటి?” అంటూ ఇంకో ఇటుక పెట్టి, ఈసారి పక్క నుంచి బకెట్టుతో నీళ్ళు కొట్టాడు. పెంకులకంటే నాన్నే ఎక్కువ తడిశాడు.

మూడు రోజులు ఇదే వరస. ఇటుకలు పెరిగాయి, నాన్న జలుబూ పెరిగింది.

“ఇది ఇల్లనుకున్నావా, కొండనుకున్నావా? వీధంతా నవ్వుతుంది!”

“నవ్వితే నవ్వనీ బావా. కారితే గిన్నెలు పట్టడానికి వాళ్ళొస్తారా?”

నాలుగోరోజు నాన్న తుమ్ముతూ చేతులెత్తేశాడు. “నీకో దండం. నీ ఇష్టమొచ్చినట్టు కట్టుకో.”

కట్టాడు. వీధి మొదట్లోంచే కనిపించేంత నిటారు కప్పు. దాని కింద చెక్కలు పరుస్తుంటే ఏమిటని అడిగాం. “సామాన్లకి అటక,” అన్నాడు. నమ్మాం.

పని పూర్తయిన రోజు అత్త పెట్టె సర్దుకుంటోంది. మావయ్య వచ్చి, “ఒక్కసారి పైకి రామ్మా,” అని నిచ్చెన పట్టుకున్నాడు. వెనకాలే అందరం ఎక్కాం.

అటక కాదు, గది! కాళ్ళ కింద నున్నటి చెక్కనేల, ఓ చివర కిటికీ, దాంట్లోంచి బోలెడంత వెలుతురు.

“మధ్యలో నిలబడి చేతులెత్తమ్మా, జడ వేసుకుంటున్నట్టు.”

అత్త ఎత్తింది. మోచేతులు దేనికీ తగల్లేదు.

నాన్న కప్పుకేసి చూశాడు, చెల్లెలికేసి చూశాడు. “బావా, నిజం చెప్పు. వానకి ఇంత వాలు కావాలా?”

“వానకి సగం చాలు. మిగతా సగం మీ చెల్లెలి పొడుగుకి. ముందే చెబితే, నా కోసం ఇల్లు పెంచుతారా అని ఈవిడ ఆ రోజే పెట్టె సర్దేసేది.”

అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను మావయ్య చెయ్యి పట్టుకుని వదల్లేదు. అత్త ఆ గదిలో పన్నెండేళ్ళు ఉంది. అన్నేళ్ళ అత్తని నాకు మిగిల్చిన మనిషికి ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

ఆ రోజు అత్త ముక్కు ఎగబీల్చి నాన్నకేసి తిరిగింది.

“అన్నయ్యా, నిలబడి చూస్తావేం? వెళ్ళి హాస్టలు వాళ్ళకి ఫోన్ చేసి, రావట్లేదని చెప్పు!”

నాన్న నిచ్చెన దిగిన వేగానికి మావయ్యే హడలిపోయి, “మెల్లిగా బావా, మెల్లిగా!” అని అరిచాడు.