నాన్న ఇంట్లో ఉన్న రోజులు

వీధిలో ఎవరో గేటుకి వెల్డింగ్ చేస్తుంటే ఆ వాసనకి నాన్న గుర్తొచ్చాడు. పంతొమ్మిదివందల అరవైల చివర్లో మిల్లు ఉద్యోగం మానేసి, ఆమదాలవలసలో సొంతంగా వెల్డింగ్ కొట్టు పెట్టాడాయన. "ఇంక ఎవులికీ సలాం కొట్టక్కర్నేదు" అని మురిసిపోయేవాడు.

ఒకసారి కళ్లకి అడ్డం పెట్టుకునే నల్లద్దం పగిలింది. ఒప్పుకున్న పని ఆగకూడదని రెండురోజులు అద్దం లేకుండానే చేశాడు. కళ్లు వాచిపోయాయి. అమ్మ మేకపాలు పోసి గుడ్డ కట్టింది. నాన్న ఇంట్లోనే ఉంటున్నాడని నాకు ఒకటే సంబరం.

"రేపు కూడా ఉంటావా నానా?"

"ఉంటాన్లే అమ్మా. సెలవడగడానికి మనకి పైనెవులున్నారు?"

పదోరోజున ఒక రైతు విరిగిన నాగలి కర్రు తెచ్చాడు. నాన్న కళ్లకట్టు విప్పి కర్రుని వేళ్లతో తడిమాడు. ఆటాడుతున్నాడనుకుని నేను పకపకా నవ్వాను.

"ఇంకో కొట్టుకి పట్టుకెల్లు బావా" అన్నాడు నాన్న రైతుతో. తర్వాత నావైపు తిరిగి తనూ నవ్వాడు.

చూపు మళ్లీ రాలేదు. ఆయనెందుకు నవ్వాడో నాకు పిల్లలు పుట్టాక తెలిసింది.