గోరు మీద పాలచుక్క

మా మావయ్య పోయారని అత్తయ్య ఫోన్ చేసేసరికి నేను పర్చూరు బస్టాండులో ఉన్నాను. చీరాల బస్సెక్కి కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. పిల్లల్లేని మనిషి. కొరివి పెట్టింది నేనే.

ఆయన ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. స్కూటరు కనపడితే కారం మిల్లులవాళ్లకి గుండెల్లో రాయి పడేది. రిటైరయ్యాకా చెయ్యి ఊరుకునేది కాదు. కొట్లో కారం కొంటే అక్కడే గ్లాసుడు నీళ్లడిగి చిటికెడు చల్లేవారు. ఎర్రటి చారలు దిగాయా, "రంగు కలిపావయ్యా" అని బజారంతా వినపడేలా అనేవారు.

"మీతో బజారుకి రావాలంటే సిగ్గండీ" అనేది అత్తయ్య.

"కలిపినోడికి లేని సిగ్గు మనకెందుకే?"

పాలైతే బొటనవేలి గోరు మీద చుక్క వేసి చెయ్యి వంచేవారు. చిక్కటివైతే నిలుస్తుంది, నీళ్లు కలిస్తే జారిపోతుంది. మాకూ నేర్పారు. "పసిపిల్లకి అడగడానికి నోరుండదురా, మనమే అడగాలి" అనేవారు.

మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ గోరు చాచలేదు. మా తమ్ముడిది పాల వ్యాపారం. ఒకసారి వాణ్ని వాకిట్లోకి తీసుకెళ్లి ఏదో చెప్పారు. "మానేస్తా మావయ్యా" అన్నాడు వీడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా, "గ్యాస్ ట్రబులక్కా, పాలు పడవు. నాకు డికాషన్ టీ చాలు" అనేవారు అమ్మతో. ఆయనకి వాళ్లింట్లో పెరుగన్నం లేనిదే పూట గడవదని మాకు తెలుసు. అయినా నమ్మినట్టే ఉన్నాం. ఆ పాల మీదే కదా మా ఇల్లు నడిచేది!

మూడో రోజు శ్మశానంలో పోయడానికి పాలు తమ్ముడే అత్తయ్య ఇంటికి తెచ్చాడు. క్యాను మూత తీసి, "ఏరా, ఇవాళైనా..." అన్నాను మెల్లిగా.

"బూడిదలో పోసేవేగా అన్నయ్యా! ఆయనేమన్నా తాగుతాడా?"

ఛీ! చెంప పగలగొట్టాల్సింది. చుట్టాలున్నారని నోరు మూసుకున్నాను. చుట్టాలు లేనప్పుడు మాత్రం ఏం అడిగాను గనక?

ఇంతలో అత్తయ్య వచ్చింది. క్యానులో వేలు ముంచి, గోరు మీద చుక్క నిలిపి చెయ్యి వంచింది. చుక్క జారి నేల మీద పడింది. ఆవిడ కొంగుతో వేలు తుడుచుకుని, "ఎండెక్కుతోంది, వెళ్లి రండి నాయనా" అంది. వెళ్లాం. ఆ పాలే ఆయన మీద పోశాను, ఈ చేతులతోనే.

తిరిగొచ్చి స్నానాలు చేశాక అందరికీ టీలు వచ్చాయి. మా ఇద్దరికీ అత్తయ్యే తెచ్చింది. నల్లటి డికాషన్.

"పాలు పొయ్యలేదేంటి అత్తయ్యా?" అన్నాడు తమ్ముడు.

"మీ మావయ్య మీ ఇంట్లో తాగింది ఇదేరా. ఎలా ఉంటుందో చూడండి."

వాడు గ్లాసు కింద పెట్టేశాడు. నేను తాగాను, చివరి గుక్క దాకా. తలెత్తి చూస్తే అత్తయ్య గుమ్మంలో కూర్చుని, ఆ గోరు ఇంకా కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.