తెలుగులో చెప్పమ్మా, పర్వాలేదు

మా వైపు ఇంగ్లీషు నేర్చుకోవడం అంత కష్టమేమీ కాదు. మాట్లాడటమే కష్టం. ఎందుకంటే మాట్లాడనివ్వరు.

నలభైకి దగ్గర పడ్డాక నాకీ అవస్థ వచ్చింది. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు మీడియం పిల్లలకు సోషల్ చెప్పేదాన్ని. ఒకరోజు కరస్పాండెంటు సారు మమ్మల్ని పిలిచి, వచ్చే ఏడాది నుంచి తెలుగు మీడియం తీసేస్తున్నామన్నారు. పులివెందులలో ఉన్న తమ పెద్ద బడికి వచ్చి, తన ముందర ఇంగ్లీషులో పాఠం చెప్పి చూపించినవాళ్ళకే ఉద్యోగం ఉంటుందన్నారు. మిగతావాళ్ళ సంగతి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

అట్లని నాకు ఇంగ్లీషు బొత్తిగా రాదా అంటే, వస్తుంది. చదివితే అర్థమవుతుంది. రాయమంటే రాస్తాను. నోరు తెరిస్తే మాత్రం రెండు వాక్యాలు బాగానే నడిచి, మూడోదాంట్లో ఒక మాట దొరకదు. కాసేపు ఆగితే దొరుకుతుంది. ఆ కాసేపు ఎవరన్నా ఇస్తే కదా!

ప్రొద్దుటూరులో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను, శనివారం సాయంత్రాలు. అక్కడి సారు నన్ను లేపి మాట్లాడమనేవాడు. నేను కొంచెం తడబడగానే, "ఏం చెప్పల్లనుకుంటాండావో తెలుగులో చెప్పమ్మా, పర్వాలేదు, నేను ఇంగ్లీషులో చెప్తా" అనేవాడు. నేను తెలుగులో చెప్పేదాన్ని, ఆయన ఇంగ్లీషులో గడగడా చెప్పేవాడు. నా ఫీజుతో ఆయన ఇంగ్లీషు భలే మెరుగుపడింది.

అదే క్లాసులో ఒక నర్సు ఉండేది, ఆమెదీ జమ్మలమడుగే. తిరుగు బస్సులో ఇద్దరం ఇంగ్లీషే మాట్లాడుకోవాలని ఒట్టు పెట్టుకున్నాం. బస్సు ఊరు దాటిందో లేదో వెనక సీటామె ముందుకు వంగి, "తెలుగోళ్ళే గదమ్మా, తెలుగులో మాట్లాడుకోండి, పర్వాలేదు" అంది, మాకు పర్మిషన్ ఇస్తున్నట్టు. కండక్టరు వచ్చి, "ఏం మేడం, టికెట్టు గూడా ఇంగ్లీషులోనే ఇయ్యల్నా?" అన్నాడు. బస్సంతా ఒకటే నవ్వు. మరుసటి వారం నుంచి ఆ నర్సు బస్సెక్కీ ఎక్కగానే కళ్ళు మూసుకునేది. నేనేమో తల ఎత్తేదాన్ని కాదు.

ఇక ఇల్లు. మా ఆయన చిలమకూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆయనకు మిషన్ల ఇంగ్లీషు వచ్చు. నేను మాట కోసం ఆగితే చాలు, టక్కున ఒకటి అందిస్తాడు, సగంసార్లు అది నాక్కావలసింది కాదు. "ఆగు, నన్ను చెప్పనీ" అని నేను, "సాయం చేస్తే గూడా తప్పేనా" అని ఆయన. ఆ పోట్లాట మాత్రం నిక్షేపంలాంటి తెలుగులో జరిగేది. మా ఇంగ్లీషు చెవిన పడితే చాలు, వరండాలోంచి మా అత్త కేకేసేది.

"ఏందమ్మా, నా గురించేనా?"

"కాదత్తా, వాన గురించి."

"వాన గురించయితే తెలుగులోనే మాట్లాడుకోవచ్చు గదా. దాపరికమెందుకు?"

ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు పుస్తకం మంచం మీదికి విసిరికొట్టి, ఉద్యోగం పోతే పోయింది, నావల్ల కాదని కూచుని ఏడ్చేశాను. అత్త వచ్చి చూసింది. ఓదార్చలేదు. చిక్కుడుకాయల చాట తెచ్చుకుని నా ఎదురుగా చతికిలబడింది.

"నాతో మాట్లాడు. నన్ను తిట్టడం లేదని నాకూ నమ్మకంగా ఉంటాది."

"నీకు అర్థం కాదు గదత్తా."

"చర్చికి యాడాడి నుంచో పెద్దయ్యగార్లు వచ్చి ఇంగ్లీషులో చెప్తాంటే, తెలుగు చెప్పే ఆయన నోరు తెరిచేదాకా కూచోలేదా నేను? అలవాటే నాకు. చెప్పు."

చెప్పాను. పెన్నా నది పాఠం. మూడో వాక్యంలో మామూలుగానే మాట దొరకలేదు. అత్త తలెత్తింది. ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లే ఆగింది. అందించడానికి ఆమె దగ్గర మాట లేదు, అయ్యో పాపం అనే చూపూ లేదు. ఊరికే చూస్తూ కూచుంది. మాట దొరికింది. ఆమె మళ్ళీ ఈనె తీసింది. చివర్న, "అయిపాయనా?" అంది. రోజూ అంతే. చిక్కుడుకాయల కాలం అయిపోయి గోరుచిక్కుళ్ళు వచ్చాయి.

పులివెందులలో ఆరో తరగతి పిల్లల ముందు నిలబడ్డాను. వెనక బెంచీలో కరస్పాండెంటు సారు. పెన్నా పాఠం సాఫీగా నడిచింది. అప్పుడు ముందు వరసలో ఒక పాప లేచి, ఎండాకాలం పెన్నలో నీళ్ళు ఎందుకుండవని ఇంగ్లీషులో అడిగింది. దీనికి జవాబు నేను అత్త ముందు ఎప్పుడూ చెప్పి చూడలేదు. ఏటి ఇసకలో తవ్వుకునే చెలమ గురించి చెబుదామని మొదలుపెట్టాను. చెలమకు ఇంగ్లీషు మాట రాలేదు.

"తెలుగులో చెప్పమ్మా, పర్వాలేదు" అన్నారు సారు, ఎంతో దయగా.

అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రొద్దుటూరు సారు, బస్సులో ఆమె, మా ఆయన, అందరూ కలిసి ఆ బెంచీలో కూచున్నట్టే అనిపించింది.

"నో సార్. ప్లీజ్ వెయిట్."

ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. సారు కళ్ళజోడు తీసేశారు. ఎవరూ ఏమీ అందించలేదు. చివరికి ఆ మాట రానే లేదు, నా దగ్గరున్న మాటలతోనే చెప్పాను. "వాటర్ ఈజ్ అండర్ ద శాండ్. యు డిగ్. యు వెయిట్. ఇట్ కమ్స్." ఆ పాప తలూపి కూచుంది.

"శానా నిదానమమ్మా నువ్వు" అన్నారు సారు బయటికి వచ్చాక. "జూన్‌లో ఆరో తరగతి తీసుకో."

బస్టాండు నుంచే ఇంటికి ఫోన్ చేశాను. ఉద్యోగం ఉందో పోయిందో అత్త అడగలేదు.

"ఎవురన్నా అడ్డమొచ్చిరా?"

"వచ్చిరత్తా. వెయిట్ అంటి."

"అంటే ఏంది?"

"ఆగమని."

అవతల అత్త చాట కింద పెట్టిన చప్పుడైంది.

"మరి ఆ మాట నాకు ఒక్కసారి గూడా చెప్పలేదే నువ్వు?"

"నీకు చెప్పే పని పడలేదత్తా" అన్నాను. ఆ తర్వాత నాకు తెలుగు కూడా రాలేదు. ఆమె ఫోన్ పెట్టేయకుండా అట్లే ఉంది.