జంపఖానా మీద కూర్చుని గెలిచిన కప్పు

ఆ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడాలంటే ఎత్తుండాలి అనేవారు. నాకు ఎత్తుంది. ఊపిరుంది. బంతిని వలలో వేసే చెయ్యీ ఉంది. లేనిదల్లా లేచి నిలబడే అవకాశం. వరంగల్‌లో మా కాలేజీ జట్టు కప్పు గెలిచిన సంగతి మీద ఇప్పటికి ఎన్ని సభలు పెట్టుకున్నారో, ఎవరెవరికి శాలువాలు కప్పారో అన్నీ గుర్తున్నాయి. నా పేరు ఒక్కరూ ఎత్తలేదు. మీరైనా వినండి.

మాది కొత్తవాడ, ఇంట్లో మగ్గం. మొదటి మ్యాచ్ నాడు కోర్టు పక్కన బెంచీలు లేవని తెలిసి, జట్టు కూర్చోవడానికి ఎర్రచారల జంపఖానా ఒకటి చంకన పెట్టుకుని వెళ్లాను (నా కష్టాలన్నిటికీ ఈ మంచితనమే మూలం). నన్ను ఆఖర్లో దింపుతానన్నారు మా కోచ్ సార్. దాని మీద కూర్చున్నాను. మావాళ్లు గెలుస్తున్నారు. కాళ్లు తిమ్మిరెక్కి ఒక్కసారి లేచానో లేదో, అవతలివాళ్లు వరసగా రెండు బాస్కెట్లు వేశారు. కెప్టెన్ ఆట మధ్యలోనే నా వైపు తిరిగి, "అరే లంబూ, కూసోరా! నువ్వు లేస్తే ఆట పోతాంది!" అని అరిచాడు. కూర్చున్నాను. గెలిచాం.

ఆ సీజనంతా నా ఆట అదే. నీళ్లకని లేవబోతే ముగ్గురు భుజాలు పట్టి కూర్చోబెట్టి, నీళ్లు నోటి దగ్గరికే తెచ్చేవారు. "సార్, నేను గూడ ప్లేయర్‌నే గదా, ఒక్క మ్యాచ్ ఆడనియ్యున్రి" అని బతిమాలితే, సార్ (పెద్ద చదువులు చదివిన మనిషి, గమనించండి) "ఫికర్ చెయ్యకు బిడ్డా, జర ఓపిక పట్టు. నువ్వు కూసునుడే మన బలం" అన్నారు. ఇంట్లో అమ్మ నా జెర్సీ వాసన చూసి, "చెమటన్న లేదు. ఆడటానికి పోతాన్నవా, కూసోనికి పోతాన్నవా?" అంది. అప్పటినుంచి గల్లీ మలుపులో జెర్సీకి ఇంత మట్టి పూసుకుని ఇల్లు చేరేవాణ్ని. మేం ఆడేది సిమెంటు కోర్టు మీద అని అమ్మకు తెలియదు కాబట్టి సరిపోయింది.

ఫైనల్లో ఇద్దరు ఫౌళ్లు నిండి బయటికొచ్చారు, ఒకడికి మడమ బెణికింది. ఆట ముగియబోతోంది, ఒక్క పాయింటు వెనక ఉన్నాం, మిగిలింది నేనే. సార్ నన్ను చూశారు, జంపఖానాను చూశారు. "ఇగ తప్పది, లే" అన్నారు. ఆ మాట కోసమే కదా అన్నాళ్లూ కాచుకున్నాను! ఉరికాను. కెప్టెన్ చేతులు జోడించి, "లంబూ, నీకు దండం పెడత. బాల్ ముట్టకు, ఊకె నిలబడు" అన్నాడు. నిలబడదామనే అనుకున్నాను. అవతలి జట్టు పొడుగాటి కుర్రాడు బంతిని నేలకు తట్టుకుంటూ నా మీదికి వస్తున్నాడు. చేతులు ఎత్తాను. కాళ్లు మాత్రం సీజనంతా చేసిన సాధన మరవలేక ముడుచుకుపోయాయి. కోర్టు నడిమధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

అతను బిత్తరపోయాడు. "ఏమైందన్నా?" అంటూ బంతిని రెండు చేతుల్లో పట్టుకుని నా దగ్గరికి నడిచి వచ్చాడు (ములుగు వైపు పిల్లాడు, మంచివాడు). బంతి తట్టకుండా పట్టుకుని నడవకూడదు కదా! రిఫరీ ఈల వేశాడు. బంతి మాకొచ్చింది, కెప్టెన్ బాస్కెట్ వేశాడు, కప్పు మాదైంది.

నన్ను ఎత్తుకుంటారని లేచి చేతులు చాపాను. "చూసిన్రా! వీడు కూసుంటెనే గెలుస్తమని నేను చెప్పలే?" అని కెప్టెన్ నన్ను దాటిపోయి జంపఖానాను భుజానికెత్తాడు. దాన్ని ఊరేగించారు. దాని మీద కప్పు పెట్టి ఫొటో దిగారు. ఒక మూల పట్టుకున్నది నేనే. ఫొటోలో నా రెండు వేళ్లు కనబడతాయి.

మొన్న జట్టు వాట్సాప్ గ్రూపులో కెప్టెన్ పెట్టాడు: "అందరం కలుద్దాం. లంబూ, జంపఖానా మర్చిపోకు." ఫైనల్లో నేను ఆడినట్టా, కూర్చున్నట్టా అని అడిగాను. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నవ్వే బొమ్మ జవాబు కాదు.

పోయిన వారం మా అమ్మాయి కాలేజీ మ్యాచ్‌కు వెళ్లాను. వాళ్లు వెనకబడ్డారు. ఎవరూ చెప్పకుండానే నేను మెట్ల మీద కూలబడి చివరిదాకా లేవలేదు. గెలిచారు. దారిలో అమ్మాయి, "డాడీ, మీ ఫైనల్ల నువ్వు ఆడినవా, లేదా?" అంది. మోకాళ్లు రాసుకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను.

కెప్టెన్, పిల్ల అడుగుతోంది. నాకు కాకపోయినా దానికైనా జవాబు చెప్పు. జంపఖానా తెస్తాను, ఆ ఎర్రచారలదే. కానీ నువ్వు నోరు విప్పేదాకా పరవను, కూర్చోను. నిలబడే ఉంటాను. ఆపై మీ ఇష్టం.