చాచా గూడ్సు బండి పాట

నిన్న సాయంత్రం జనగామలో మా వీధి చివర పెళ్లి బారాత్ బయల్దేరింది. డీజే బండి ఇంకా మలుపు తిరగనే లేదు, వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. ఏం పాటో తెలియదు కానీ దాని అడుగు మాత్రం ముందే మా ఇంటికి వచ్చేసింది. గరిటె పక్కన పెట్టి గోడకు అరచెయ్యి ఆనించాను. మా అమ్మాయి పకపకా నవ్వింది. "ఏందమ్మా, గోడకు జరమొచ్చిందా?" అంది. నవ్వితే నవ్వనీ. నాకీ అలవాటు నేర్పిన మనిషిని అది చూడలేదు. మీరూ చూడలేదు కదా, అందుకే చెప్తున్నాను.

ఆయన పేరు యాకూబ్. మేమంతా చాచా అనేవాళ్లం. స్టేషన్ ఘన్‌పూర్‌లో పట్టాలకు దగ్గరగా టేపురికార్డర్లు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్‌లో ఒక హోటల్ బ్యాండులో బేస్ గిటార్ వాయించాడు. నాలుగే తీగెలు, అవీ లావువి. పాట నడుస్తున్నంతసేపూ అదొకటి ఉందనే ఎవరికీ తోచదు, ఆపేస్తే మాత్రం పాట కూలబడిపోతుంది. ఆ రోజుల నుంచి ఆయనకు మిగిలిన ఆస్తి ఆ గిటారు, ఒక బిస్కెట్ల డబ్బా నిండా క్యాసెట్లు. అన్నీ అమెరికాలోని నల్లజాతి వాళ్ల పాటలు, ఫంక్ అంటారని చెప్పాడు. వాటి మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోతే తనే పేర్లు పెట్టుకున్నాడు. బేస్ ఎటెటో తిరిగి సరిగ్గా తాళంలో మొదటి దెబ్బకు ఇంటికొచ్చే పాట "తప్పిపోయిన మేక". ఒకే స్వరం మీద గొణుగుతూ ఉండేది "అత్త కోపం". అన్నింటికంటే ఇష్టమైనది "గూడ్సు బండి". అది మొదలైతే చాచా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, గిరాకీ వచ్చినా సరే.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతున్న రోజులవి. మాది పెద్దవంగర దగ్గర తండా. నేను ఇంట్లో చెప్పీ చెప్పక ఒక పాటల బృందంలో చేరాను. చేరి ఏం లాభం? నా గొంతు లావు. బృందం నడిపే సోమన్న మంచివాడే, కానీ మొదటి రోజే, "సక్కూ, నీ గొంతు మగోని లెక్కున్నది. జర ఎనుక నిలబడు," అన్నాడు. ముందు రజిత నిలబడేది. ఆమె గొంతు ఎత్తితే ఆకాశానికి చిల్లు పడాల్సిందే. నేను వెనక వరుసలో కోరస్. ఇంటికి పోయి ఏడిస్తే మా యాడి, అంటే మా అమ్మ, "పాట మానితే మాను గని, ఏడుపు మాను," అని కసిరింది. భూపాలపల్లిలో జరగబోయే ఉద్యమ సభ దాకా చూసి మానేద్దామని నిశ్చయించుకున్నాను. పాట లేకుండా ఎట్లా బతకాలో మాత్రం తెలియలేదు.

అప్పుడే చాచాను బృందంలోకి పిలిచారు. మొదటి రిహార్సల్ అయ్యాక నన్ను, రజితను కొట్టుకు రమ్మని గూడ్సు బండి పెట్టాడు. "చెవితోని కాదు బేటా, చేతితోని ఇను," అన్నాడు. స్పీకర్ డబ్బా మీద అరచెయ్యి పెట్టాను. అబ్బ! ఏం చెప్పను! మోచేతి దాకా, అక్కణ్ణుంచి గుండె దాకా ఎవరో లోపల నడిచినట్టే ఉంది. మధ్యలో ఒక చోట బేస్ ఠక్కున ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. మళ్లీ వచ్చి మొదటి దెబ్బ మీద పడేసరికి నాకు తెలియకుండానే కాలు నేలను తన్నింది.

"సూసినవా? గా ఖాళీ జాగను గూడ వాయించిండు వాడు," అన్నాడు చాచా. ఆ పాటను ఎన్నివేల సార్లు విన్నాడో, ఆయన కళ్లల్లో నీళ్లు. తర్వాత నావైపు తిరిగి, "నీ గొంతు గీ బేస్ జాగల ఉంటది. గిది ఎనుక కాదు, కింద," అన్నాడు. వెనక వేరు, కింద వేరు అని అంతకుముందు నాతో ఎవరూ అనలేదు.

మా బృందంలో ఒక పద్ధతి ఉండేది. వేదిక ఎక్కేముందు గడ్డి మంట వేసి డప్పులు కాచేవాళ్లు. తోలు బిగిస్తే ఖంగుమంటుంది. సోమన్నకు ఎంత కాచినా చాలదు. డప్పుల శ్రుతి పైకి, వాటితో రజిత గొంతు ఇంకా పైకి. "అందరు మిద్దెక్కితిరి, కింద తలుపు తీసేటోడెవడు?" అని చాచా నవ్వేవాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

భూపాలపల్లికి పోయిన రోజు మహబూబాబాద్ నుంచి పైకప్పు లేని జీపులో బయల్దేరాం. అడవి దారిలో వాన కుమ్మేసింది. చాచా గిటారుకు యూరియా బస్తా తొడిగి ఒళ్లో పెట్టుకున్నాడు. డప్పులు మాత్రం నిండా తడిశాయి. దిగాక మంట వేద్దామంటే గడ్డీ తడే, పొగ తప్ప నిప్పు లేదు. పందిరి కింద, పందిరి బయట జనం. బొగ్గు బావిలో షిఫ్టు దిగి అటునుంచి అటే వచ్చిన గని కార్మికులు కూడా ఉన్నారు. రజిత ఎత్తుకుంది. డప్పులు బుడబుడమన్నాయి. ఊతం లేక ఆమె గొంతు సగంలో జారింది. జనం తమ ముచ్చట్లలో పడ్డారు. పిల్ల ఏడుస్తూ దిగింది.

"సక్కును పంపు," అన్నాడు చాచా.

"గా గొంతుతోనా?" అన్నాడు సోమన్న.

"గా గొంతుతోనే."

చాచా అప్పటికి బస్తా విప్పి గిటారును స్పీకర్లకు తగిలించి, గూడ్సు బండి నడక అందుకున్నాడు. వేదిక చెక్కలు నా పాదాల కింద వణికాయి. రజిత వదిలేసిన పాటనే నేను నా జాగాలో, కింద ఎత్తుకున్నాను. ముచ్చట్లు ఆగాయి. అందరూ నావైపే చూసేసరికి భయమేసి, పాడు అలవాటు, గొంతు రజితలా పైకి లాగాను. అంతే, చాచా ఆపేశాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. ఆయన నన్ను చూస్తూ తల కిందికి ఊపాడు, అంతే. నేను గొంతు దించాను. సరిగ్గా మొదటి దెబ్బ మీద ఆయనా వచ్చి నన్ను పట్టుకున్నాడు. ముందు వరుసలో ఒక మసి బట్టల ముసలాయన కాలు నేలకు కొట్టాడు. తర్వాత అందరివీ కాళ్లే. బురద నేల బేస్ పలికింది. అంత మంది లోపల ఒకే పాట నడవడం నేను మళ్లీ చూడలేదు. సోమన్న తడి డప్పు తీసుకుని, కాచకుండానే, మెల్లగా మాతో కలిశాడు.

ఆ తర్వాత నేను పాట మానలేదు. రాష్ట్రం వచ్చింది, బృందం ఎటువాళ్లు అటు పోయారు. చాచాకు చెవులు పోతున్నాయని తెలిసి చూడ్డానికి పోయాను. దవాఖానలో లాభం లేదన్నారట. ఆయన భార్య, మా చాచీ, గట్టిగా అరిచి అడుగుతోంది, మనవరాలు కీచుగా పిలుస్తోంది, ఆయనకేమీ అందడం లేదు. ఊరికే నవ్వుతున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కూర్చున్న చెక్క మంచం మీద కూర్చుని భూపాలపల్లి పాట అందుకున్నాను, కింది నుంచే.

చాచా నవ్వు ఆగింది. అరచెయ్యి మంచం పట్టె మీద పెట్టాడు. వేలితో తాళం మొదలైంది. పాటలో ఆ ఖాళీ జాగ రాగానే వేలు ఆగింది, మొదటి దెబ్బకు సరిగ్గా మళ్లీ పడింది.

"అందరి గొంతులు పోయినయ్ బేటా," అన్నాడు. "నీదొక్కటే వస్తున్నది."

చాచా పోయాడు. క్యాసెట్లు వానకు పాడయ్యాయి. నేనిప్పుడు బడి పిల్లలకు పాటలు నేర్పుతాను. ఎక్కడో ఒక లావు గొంతు పిల్ల తల దించుకుని వెనక్కి జరుగుతుంది. దాన్ని పిలిచి, దాని అరచెయ్యి బల్ల మీద పెట్టించి, నేను కింద పాడతాను.