బాల్కనీ కూర్చుంటుందా?

మామయ్యగారు కొలవనిదే ఏ పనీ చెయ్యరు. నలభై ఏళ్లు దర్జీగా బతికిన మనిషి కొలవక ఇంకేం చేస్తాడు, ఇందులో వింతేముంది అనుకోవచ్చు. వింతంతా ఆయన దేన్ని కొలుస్తారన్న దగ్గరే ఉంది. ఆయన వస్తువును కొలవరు, జాగానూ కొలవరు. మనిషిని కొలుస్తారు. ఇంట్లోకి ఫ్రిజ్ కొన్నప్పుడు వంటగదిలో చోటెంత ఉందో ఆయన చూడలేదు. అత్తయ్యగారిని వంగోబెట్టి, లేపి, మళ్లీ వంగోబెట్టి కొలతలు రాసుకుని కొట్టుకు వెళ్లారు. ఆ ఫ్రిజ్ వంటగది గుమ్మం పట్టక ఇప్పటికీ హాల్లోనే ఉంది. "వంగినప్పుడు ఒక్కనాడైనా నీ నడుం పట్టేసిందా?" అని ఆయన గట్టిగా అడుగుతారు. పట్టెయ్యలేదు, అది నిజమే. పెరుగు కోసం హాల్లోకీ వంటగదిలోకీ తిరిగి తిరిగి అత్తయ్యగారికి కాళ్లు పట్టేస్తున్నాయి.

కొట్టు మూసేసి రెండేళ్లయినా మెడలో టేపు దిగలేదు. పొద్దున్నే లేవగానే ముందు టేపు, ఆ తరవాతే కళ్లజోడు. కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున అందరూ ప్రయాణం బాగా జరిగిందా అని అడిగితే, ఈయన మాత్రం ఆమెను ఎగాదిగా చూసి, "భుజం పద్నాలుగు" అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు. అది మెచ్చుకోలో, తిట్టో తెలియక కోడలు వారం రోజులు అద్దం ముందు భుజాలు చూసుకుంది.

పైగా ఆయన ఏది చేసినా రెండు వేళ్లు వదులుగా చేస్తారు. చొక్కాలు, దిండు గలీబులు, కర్టెన్లు, ఒకటేమిటి అన్నీ అంతే. ఎవరైనా వచ్చి "వదులైందండీ" అంటే, "కొలత తప్పలేదు బాబూ, మీరే చిక్కారు" అని ఎంతో జాలిగా చూసేవారు. పాపం ఆ వచ్చినవాళ్లు నిజంగానే చిక్కామేమో అని బెంగ పెట్టుకుని ఇంటికి పోయేవారు. నలభై ఏళ్లలో 'కొలత తప్పింది' అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. మూడంతస్తుల ఆ భవనంలో అందరూ ఆయన్ని టేపు మామయ్య అంటారు. ఆ పేరు ఆయనకు తెలుసు. తెలిసి సంతోషపడతారు.

ఇక కోడలి బాధ వేరు. వాళ్లమ్మ అదే ఊళ్లో, గంట బస్సు ప్రయాణం దూరంలో ఉంటుంది. నెలకోసారి కూతుర్ని చూడటానికి వస్తుంది, ఇరవై నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడే మాట్లాడుతుంది, వెళ్లిపోతుంది. కూర్చోదు. "బస్సులో కూర్చునేగా వచ్చాను" అంటుంది. ఆవిడది భారీ మనిషి. నాలుగేళ్ల కిందట ఎవరింట్లోనో నలుగురిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే కాలు విరిగింది, కుర్చీది. జనం నవ్వారు. ఆవిడా వాళ్లతో కలిసి నవ్వింది గానీ, ఆ రోజు నుంచీ పరాయి ఇంట్లో కూర్చోవడం మానేసింది. ఈ ఇంట్లో సోఫా అయితే మరీ లోతు, అందులో కూలబడితే ఇద్దరు వచ్చి లేపాలి. అమ్మ ఒక్క పూటైనా తన ఇంట్లో కుదురుగా కూర్చుని వెళ్లాలని కోడలికి మూడేళ్లుగా కోరిక. ఆ మాట అమ్మతో అనలేదు, అంటే అసలు రావడమే మానేస్తుందని భయం. అత్తవారింట్లోనూ అనలేదు, అమ్మ పరువు పోతుందని.

అందుకే ఓ రోజు ఆసుపత్రి మందుల కౌంటర్లో పని ముగించుకుని ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు, "మామయ్యా, బాల్కనీలో కూర్చోవడానికి ఏదైనా ఉంటే బాగుంటుంది. గట్టి కుర్చీ ఒకటి కొందామా? వచ్చే ఆదివారం కాక పై ఆదివారం అమ్మ కూడా వస్తుంది" అంది.

"కొనడమెందుకు? నేను చేస్తాను" అన్నారు మామయ్యగారు.

కోడలు భర్తతో చెప్పుకుంటే, "నాన్న సంగతి నీకు తెలుసుగా" అని అతను డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో ఏ గొడవైనా అతను తీర్చే పద్ధతి అదే.

మర్నాడు కోడలు బాల్కనీలో ఆరేసిన బట్టలన్నీ తీసి, నేల తుడిచి, "రండి మామయ్యా, కొలుచుకోండి" అని పిలిచింది.

"ఏం కొలుచుకోను?"

"బాల్కనీని."

"బాల్కనీ కూర్చుంటుందా?"

కోడలు చేతిలోని తుడుపుగుడ్డ రెయిలింగు మీద ఆరేసింది.

"కూర్చునేది మనుషులు కదమ్మాయ్" అని ఆయన అత్తయ్యగారిని పిలిచి బియ్యం డబ్బా మీద కూర్చోబెట్టారు. మోకాలు, పిక్క, మోచెయ్యి, నడుం వరసగా కొలిచారు. "ముప్పైఆరేళ్లలో నాకు ఒక్క జాకెట్టు సరిగ్గా కుట్టలేదు, ఇప్పుడు నన్ను చెక్కలో కుడతారట" అని అత్తయ్యగారు డబ్బా మీది నుంచే గొణిగారు. ఆ పైన కింది వాటా మాస్టారి వంతు. ఆయన డాబా తాళంచెవి అడగడానికి వస్తే లాగి కూర్చోబెట్టారు. సన్నగా, పొడుగ్గా ఉండే ఆ మాస్టారు లేచి నిలబడి, "ఇంతకీ నాకేం కుడుతున్నారు?" అని అడిగారు. బెంచీ అంటే అర్థం కాలేదు. అర్థం కాకుండానే తాళంచెవి మరిచిపోయి వెళ్లారు.

గ్యాస్ బండ తెచ్చినతన్నీ వదల్లేదు.

"సార్, ఇంకా పది ఇళ్లకి వెయ్యాలి."

"బండ దించు. కూర్చో. ఆఁ, ఇప్పుడు లే. చేతులు ఆనించకుండా లే. ఇప్పుడు ఆనించి లే."

"సార్, ఇది కొత్త రూలా?"

వారం తిరిగేసరికి భవనంలో సగం మంది ఆ బియ్యం డబ్బా మీద కూర్చుని లేచారు. అందరి కొలతలూ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కాయి. ఏ డాక్టరు రాసిన చీటీ అయినా ఇట్టే చదివేసే కోడలు ఆ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క ముక్క పోల్చుకోలేక మూసేసింది. ఒకటి మాత్రం తెలిసింది. ఇంతమంది కొలతల్లో వాళ్లమ్మ కొలత లేదు. లోకంలో అందరికీ సరిపోయే బెంచీ తయారవుతోంది, ఎవరికోసం అడిగిందో ఆవిడకి తప్ప.

టింబర్ డిపోకి కోడలు కూడా వెళ్లింది, కాస్త కనిపెట్టుకుని ఉందామని.

"ఎన్ని అడుగులు కావాలి?" అన్నాడు డిపో అతను.

"ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక కాఫీ గ్లాసు" అన్నారు మామయ్యగారు.

డిపో అతను కోడలి వంక చూశాడు. కోడలు గోడకు ఆనించిన చెక్కల వంక చూసింది. చివరికి ఆయన వేళ్లతో నొక్కి నొక్కి, మూడు అంగుళాల మందం ఉన్న కర్ర ఏరి తెచ్చారు. బాల్కనీలో వేసే బెంచీకి అంత కర్ర దేనికో డిపో అతనికీ అర్థం కాలేదు.

పని హాల్లో మొదలైంది. పాత పేపర్లు కత్తిరించి బెంచీ ఆకారానికి ముక్కలు చేసుకున్నారు, వాటిని చెక్క మీద పరిచి, బట్ట మీద గీసే సుద్దతో గీశారు. కొయ్యబోతూ అలవాటుగా ప్రతి గీతకీ అవతల రెండు వేళ్లు వదిలారు. "చెక్క సాగదు కదా మామయ్యా, వదులెందుకు?" అంటే, "ఉండనీ, ఎప్పుడైనా బిగుతైతే విప్పుకోవచ్చు" అన్నారు. మేకులు కొట్టే ముందు అన్నిటినీ తాళ్లతో కట్టి నిలబెట్టి, "ఇది కచ్చా కుట్టు. ఒకసారి ట్రయల్ చూద్దాం" అని అత్తయ్యగారిని కూర్చోమన్నారు. తాళ్లతో కట్టిన బెంచీ మీద కూర్చోవడానికి ఆవిడేమీ తెలివితక్కువ మనిషి కాదు. పచ్చడి మాడుతోందని చెప్పి తప్పుకున్నారు. పొయ్యి మీద అసలేమీ లేదు.

గురువారానికి బెంచీ పూర్తయింది. కాళ్లు ఒక్కొక్కటీ ఇంటి స్తంభమంత ఉన్నాయి. వీపుకు ఆనుకునే చెక్క ఉంది, రెండు వైపులా చేతులు పెట్టుకోవడానికి వెడల్పాటి దిమ్మెలున్నాయి. చూడటానికి మాత్రం ఏ ఆఫీసు వరండాలో వెయ్యాల్సిన సరుకో దారి తప్పి వచ్చినట్టుంది.

"దీని మీద ఏనుగు కూర్చుంటుందా ఏమిటి?" అని అత్తయ్యగారు నవ్వారు.

"ఆ మాట ఇంకోసారి అనకు!" అని మామయ్యగారు ఒక్కసారిగా కసురుకున్నారు.

ముప్పైఆరేళ్ల కాపురంలో ఆయన గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. అత్తయ్యగారు బిత్తరపోయారు. కోడలూ బిత్తరపోయింది. బెంచీని అంటే ఈయనకంత రోషమేమిటో ఇద్దరికీ అంతుపట్టలేదు.

ఆ పైన తెలిసిన సంగతేమిటంటే, బెంచీ బాల్కనీ తలుపులో పట్టదు. నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు, తలకిందులుగా తిప్పారు. సరిగ్గా రెండు వేళ్లు ఎక్కువ.

"తలుపు కూడా కొలవాల్సింది" అన్నారు అత్తయ్యగారు, ఈసారి కాస్త దూరంగా నిలబడి.

"తలుపు కూర్చుంటుందా?"

మాస్టారు, పక్క వాటాకి బండ తెచ్చిన గ్యాస్ అతను, కోడలు, ఆయన కలిసి బెంచీని మళ్లీ ముక్కలు చేసి, బాల్కనీలోకి మోసి, అక్కడ బిగించారు. బిగించాక చూస్తే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బెంచీయే ఉంది. తలుపు సగమే తెరుచుకుంటోంది. తులసి కుండీ, బట్టల స్టాండు హాల్లోకి వచ్చి ఫ్రిజ్ పక్కన చేరాయి. మాస్టారు కూర్చుంటే వెనక్కి ఆనుకోవడానికి పడుకోవాల్సి వచ్చింది. అత్తయ్యగారు కూర్చుంటే రెండు దిమ్మెల మీదా ఒకేసారి చేతులు ఆనలేదు, పాదాలు నేలకి అందలేదు. కోడలు ఒక మూల కూర్చుని చూసింది, ఎవరిదో కోటు తొడుక్కున్నట్టుంది. గట్టి కుర్చీ ఒకటి కొనుక్కుని ఉంటే పోయేది కదా అని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం పొద్దున పదింటికి వాళ్లమ్మ వచ్చింది. ఎప్పటిలాగే గుమ్మం దగ్గర ఆగింది.

"లోపలికి రా అమ్మా. కూర్చో."

"ఎందుకే, బస్సులో కూర్చునేగా వచ్చాను."

ఇంతలో లోపలి నుంచి మామయ్యగారు తల వేలాడేసుకుని వచ్చారు.

"చెల్లెమ్మా, నా పరువు పోయింది" అన్నారు.

"అయ్యో, ఏమైంది అన్నయ్యగారూ?"

"కొలత తప్పింది."

వంటగదిలో అత్తయ్యగారి చేతిలో గరిటె జారి కింద పడింది.

"భవనమంతా కొలిచి బెంచీ చేశానమ్మా. ఒక్కరికీ సరిపోలేదు. మాస్టారు నవ్వారు. మా ఆవిడ నవ్వింది. గ్యాస్ అబ్బాయి కూడా నవ్వాడు. నలభై ఏళ్ల పేరు నాలుగు చెక్కలతో పోయింది. బయటివాళ్ల కంటికైనా తప్పెక్కడుందో కనిపిస్తుందేమో. ఒక్కసారి కూర్చుని చూసి చెబుతారా?"

నలుగురు నవ్వితే ఎలా ఉంటుందో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. "నవ్వడమేమిటి, పెద్దమనిషి కష్టపడి చేస్తే!" అని చెప్పులు విడిచి గబగబా హాలు దాటింది, తలుపులోంచి పక్కగా తిరిగి బాల్కనీలోకి వెళ్లింది. అరచేత్తో బెంచీని నొక్కింది. ఇంకోసారి నొక్కింది. వంగి కాళ్ల మందం చూసింది. కూర్చుంది.

బెంచీ కిర్రుమనలేదు. వీపు వెనక చెక్క ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. పాదాలు రెండూ నేల మీద హాయిగా ఆనాయి. పక్కనున్న దిమ్మె మీద మోచెయ్యి సరిగ్గా ఆనింది. దాని మీద చెయ్యి ఆనించి ఒకసారి లేచి చూసింది, ఎవరి సాయమూ లేకుండా సులువుగా లేచింది. మళ్లీ కూర్చుంది.

"బాగానే ఉందిగా అన్నయ్యగారూ! ఎవరు తప్పన్నది?"

"బాగుందా? అయితే సరే" అన్నారు మామయ్యగారు, తల ఎత్తి. "కొలత తప్పలేదన్నమాట. వీళ్లందరూ తప్పు."

కోడలు ఆయన వెనకే వంటగదిలోకి వెళ్లింది.

"అమ్మను ఎప్పుడు కొలిచారు మామయ్యా?"

"మూడేళ్లుగా నెలకోసారి నా గుమ్మంలో ఇరవై నిమిషాలు నిలబడుతోంది. ఇంకా టేపు దేనికమ్మాయ్?"

"మరి ఇంతమందిని డబ్బా మీద కూర్చోబెట్టారెందుకు?"

"ఒక్కరి కోసం చేశానంటే ఆ ఒక్కరూ కూర్చుంటారా?" అని ఆయన గరిటె తీసి కడిగి అత్తయ్యగారి చేతికిచ్చారు. అత్తయ్యగారు కాఫీ రెండు గ్లాసుల్లో పోశారు. కోడలికి ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకోవాలనిపించింది. ఆయన అప్పటికే ఆమె మోచేతి వంక అదోలా చూస్తుండటంతో గ్లాసులు తీసుకుని బాల్కనీలోకి వెళ్లిపోయింది.

తల్లీ కూతుళ్లు పక్కపక్కన కూర్చున్నారు. మధ్యలో ఒక గ్లాసు పట్టింది, రెండోది చేతిలోనే ఉంచుకోవాల్సి వచ్చింది. పదకొండైంది, పన్నెండైంది. మూడేళ్లుగా గుమ్మంలో చెప్పలేకపోయిన కబుర్లన్నీ అమ్మ మొదటి నుంచీ మొదలుపెట్టింది. ఒంటిగంటకి కోడలి నాన్న ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావు? బస్సెక్కావా?"

"లేదు. సాయంత్రం చూద్దాంలే. మీరు అన్నం పెట్టుకుని తినండి."

"అదేమిటి, ఎప్పుడూ ఇరవై నిమిషాల్లో బయల్దేరేదానివి. అంత పనేముంది అక్కడ?"

అమ్మ కాళ్లు చాపబోతే రెయిలింగు తగిలింది. వెనక్కి లాక్కుని, ఇంకాస్త సర్దుకుని వీపు ఆనించింది.

"కూర్చున్నానండీ" అంది.